అప్‌డేట్: బోనుల్లో పెంచని కోళ్ల గుడ్లు దొరికాయి

బ్యాటరీ బోనుల్లో (వరుసగా పేర్చిన ఇరుకైన తీగ బోనుల్లో) కోళ్ల పెంపకంపై లా కమిషన్ 2017లో ఇచ్చిన 269వ నివేదిక చదివాక గుడ్డు నోట పెట్టబుద్ధి కావడం లేదని, బోనుల్లేని చోట పెట్టిన గుడ్లను ఎలా గుర్తించాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనికొచ్చిన సలహా ఇది: డబ్బా మీది బొమ్మను నమ్మవద్దు, కోళ్లు గుడ్డు ఎక్కడ పెడతాయో అడగండి, వీలైతే వెళ్లి చూడండి. దుకాణాల్లో ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి మా ఊరి దగ్గర నిమ్మతోటలో వనరాజా అనే జాతి కోళ్లు పెంచే రైతు దొరికారు. వెళ్లేసరికి కోళ్లు చెట్ల కింద మట్టిలో పొర్లుతూ, రెక్కలు బార్లా చాపి దులుపుకుంటున్నాయి. బోనులో ఆ రెక్క చాపే చోటే ఉండదు. గుడ్లు గడ్డి పరిచిన గంపల్లో ఉన్నాయి.

పెంకు రంగు చూసి బోను గుడ్డో కాదో చెప్పవచ్చా అని ఇక్కడ జరిగిన చర్చంతా అనవసరమని తేలింది. అది కోడి జాతిని బట్టి వస్తుందని, పచ్చసొన రంగు మేతను బట్టి మారుతుందని పశువైద్యుడు చెప్పారు. గోధుమరంగు గుడ్లు బోనుల్లోంచి కూడా వస్తాయి.

నన్ను ఎక్కువగా బాధించింది గుడ్ల కోసమే పెంచే జాతుల్లో మగ కోడిపిల్లలను, గుడ్లు పెట్టవని, పుట్టగానే చంపేయడం. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజాను మాంసానికీ గుడ్లకూ పెంచుతారు, కాబట్టి ఈ రైతు పుంజులనూ పెంచుతున్నారు. ధర ఎక్కువే, అందుకే గుడ్లు తగ్గించి పప్పు పెంచాం. బేకరీ కేకుల్లో వాడే గుడ్ల సంగతి ఇంకా తేలలేదు, తెలిసినవారు రాయండి.