విదేశాలకు పోయినప్పుడు అక్కడి జానపద సంగీతంలో మనం కలవొచ్చా? డప్పు తీసుకెళ్దామనుకుంటున్నా

నకిరేకల్ డప్పు:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నకిరేకల్ దగ్గర ఊరు. నాన్న దగ్గర డప్పు నేర్చుకున్నా. హైదరాబాద్‌లో ఉద్యోగం, కానీ పండగలకు, జాతరలకు ఊళ్లో మా జట్టుతోనే ఉంటా. జూన్‌లో కంపెనీ పని మీద ఐర్లండ్ పంపిస్తున్నారు. పని అయిపోయాక కొన్ని రోజులు సెలవు పెట్టి క్లేర్ కౌంటీ వైపు తిరగాలని ఉంది, ఎందుకంటే అక్కడ డూలిన్ లాంటి చిన్న ఊళ్లలో కూడా సాయంత్రం అయితే పబ్బులో టేబుల్ చుట్టూ కూర్చుని పాత జానపద ట్యూన్లు వాయిస్తారట, దాన్ని సెషన్ అంటారట. వీడియోలు చూస్తుంటే చేతులు ఊరుకోవడం లేదు. పక్కన నిలబడి ఫోన్‌లో తీసుకుని రావడం నాకు ఇష్టం లేదు, వాళ్లతో కలిసి వాయించాలి. డప్పు పట్టుకుపోయి కూర్చుంటే ఏమంటారు? నేను మందు తాగను, అదొక టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాలమూరు టు డబ్లిన్:
తమ్మీ, మాది మహబూబ్‌నగర్, ఇప్పుడు డబ్లిన్‌లో ఉంటున్నా. సెషన్లంటే నాకు ప్రాణం, ఎక్కడ జరిగినా పోయి వింటా. నువ్వు తప్పకుండా వెళ్లు, కానీ మొదటి సాయంత్రం డప్పు రూములోనే పెట్టి వెళ్లు.

చూడటానికి ఎవరైనా వచ్చి కలవొచ్చు అన్నట్టే ఉంటుంది. స్టేజీ ఉండదు, చాలాచోట్ల మైకు కూడా ఉండదు, జనం వైపు వీపు పెట్టి మరీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయిస్తారు. లోపల మాత్రం కట్టుబాటు గట్టిది. ఫిడేలు, ఫ్లూట్, టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి, కాన్సర్టీనా అనే చేతిలో పట్టే చిన్న తిత్తి వాయిద్యం, అన్నీ ఒకే ట్యూన్‌ను కలిసి వాయిస్తాయి. మామూలుగా ట్యూన్‌కు రెండు భాగాలు, ఒక్కో భాగం 8 బార్లు (అంటే తాళం చుట్లు), ఒక్కోటి రెండుసార్లు. అలా మొత్తం రెండు మూడు సార్లు తిప్పి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి పోతారు. ఎప్పుడు పోతారో ఎదురుగా కాగితం ఏదీ ఉండదు, ముందు వాయించే మనిషి చూపులోనో చిన్న కేకలోనో తెలుసుకోవాలి. అందుకే తాళం తెలిస్తే చాలదు, ఆ ట్యూన్ ఎక్కడ మలుపు తిరుగుతుందో చెవిలో ఉండాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. వాళ్లకు మన డప్పు లాంటిదే బౌరాన్ అని ఉంది, గుండ్రటి చట్రానికి మేకతోలు, ఒక చేత్తో చిన్న పుల్ల ఆడిస్తూ రెండో చెయ్యి వెనక నుంచి తోలు మీద పెట్టి శబ్దాన్ని మారుస్తారు. ఒక సెషన్‌లో ఒకసారికి ఒక్క బౌరానే వాయించాలనేది చాలామంది పాటించే పద్ధతి. ఇద్దరు కొడితే ట్యూన్ మునిగిపోతుంది. అలాంటిచోట సిర్ర, చిటికెన పుల్లతో మన డప్పు మోగిందనుకో, ఆరుబయట వందలమందికి వినపడటానికి పుట్టిన వాయిద్యం అది, నాలుగు గోడల మధ్య ఫిడేలు కనపడకుండా పోతుంది. వాళ్లు మంచివాళ్లు, నీ ముందు ఏమీ అనకపోవచ్చు. కానీ ఆ రాత్రి వాళ్ల సంగీతం పాడవుతుంది కదా.

మందు గురించి అసలు ఆలోచించకు. టీ తాగినా, కూల్‌డ్రింక్ తాగినా ఎవరూ అడగరు. ఏదో ఒకటి మాత్రం కొనుక్కో, ఆ పబ్బు నడిస్తేనే కదా సెషన్ ఉండేది. ఖాళీ కుర్చీ కనపడితే అడగకుండా కూర్చోకు, అది రోజూ వచ్చే పెద్దాయనది అయి ఉండొచ్చు.

వర్నా నుంచి:
నేను బల్గేరియాలో మెడిసిన్ చదువుతున్నా, సొంతూరు వనపర్తి. ఇక్కడ సంగతి వేరే, అందుకే రాస్తున్నా. ఇక్కడ హోరో అని చేయి చేయి పట్టుకుని వరుసగా ఆడతారు, పెళ్లిలో, పండగలో, ఒక్కోసారి ఊరి చౌరస్తాలో కూడా. కొత్తవాళ్లను పిలిచి మరీ కలుపుకుంటారు. ఒక్కటే పద్ధతి, వరుసకు తోక వైపు కలవాలి. ముందు నడిపించే మనిషి కంటే ముందుకు పోయి చెయ్యి పట్టుకోవడం మర్యాద కాదు. బతుకమ్మ చుట్టూ తిరిగినవాళ్లకు అడుగు తొందరగా పడుతుంది. అయితే ప్రావో హోరో తేలిక, రచెనిత్సా అనే ఆట దగ్గర మాత్రం కొత్తవాళ్ల కాళ్లు తడబడతాయి, అది ఏడు లెక్క, రెండు, రెండు, మూడు. మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు తాళం కూడా ఏడే కానీ మూడు ముందు వస్తుంది. ఆ మూడు చివరికి పోయేసరికి నడకే మారిపోతుంది! డప్పు కొట్టే అన్నకు ఇది ఒక్కసారి వినిపించాలని ఉంది నాకు.

స్పెయిన్ పోయిన మా సీనియర్ అక్క చెప్పింది, ఫ్లమెంకో అనే అక్కడి ఆటపాటలో చప్పట్లు కూడా ఒక వాయిద్యమేనట, నేర్చుకున్నవాళ్లే కొడతారట, చూసేవాళ్లు హుషారుగా కొడితే ఆడేవాళ్ల లెక్క చెదిరిపోతుంది. కాబట్టి దేశాన్ని బట్టి ఉంటుంది అన్నా, ఒకచోట నేర్చుకున్న మర్యాద ఇంకోచోట పనికిరాదు.

నకిరేకల్ డప్పు:
ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ థాంక్స్. ఒక రకంగా మనసు చిన్నబోయింది, ఒక రకంగా మంచిదే అయింది. అయితే డప్పు అసలు తీసుకుపోవద్దంటారా? ఇంకోటి, అక్కడ ఎప్పుడూ వానేనట, తోలు మెత్తబడితే మంట ఎక్కడ పెట్టుకోవాలి?

సూర్యాపేట మాస్టారు:
బాబూ, నేను విదేశం పోలేదు, కానీ జానపద జట్లతో జీవితం గడిచింది కాబట్టి ఒక మాట. మన పెద్దగట్టు జాతరలో భేరీలు మోగుతుంటే బయటి మనిషి వచ్చి నేనూ కొడతానంటే కాదనం. కానీ దరువు నడుస్తుండగా మధ్యలో చెయ్యి పెడితే ఊరుకుంటామా? ఒగ్గు కథలో అయినా కొత్తవాడు ముందు వంత పాడాలి, కథ నడిపే మనిషి గొంతు ఎటు పోతే అటు పోవడం రావాలి. ఐర్లండ్‌లో నువ్వు కొత్తవాడివి, అంతే. అందులో చిన్నతనం ఏమీ లేదు.

డప్పు తీసుకుపోకపోయినా దాని సంగతి మాత్రం తీసుకుపో. ఎవరైనా మీ దగ్గర ఏం వాయిస్తారని అడిగితే తల ఎత్తి చెప్పు. ఊళ్లో చావుకు, చాటింపుకు వెట్టిగా కొట్టించుకున్న వాయిద్యం ఇది, మాదిగ బిడ్డలు దాన్ని ఎత్తిపట్టి తెలంగాణ ఉద్యమంలో ప్రతి ధూంధాంలో ముందు నిలబెట్టారు. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర గురించి చెప్పు, దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట వైపు బుర్రవీణ దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. వాళ్ల పాటలు ఫోన్‌లో పెట్టుకుని పో, అడిగినవాళ్లకు వినిపించు.

పాలమూరు టు డబ్లిన్:
మాస్టారు, దండాలు. తమ్మీ, ఆయన మాటకు ఒక దారి కలుపుతా. చాలా సెషన్లలో మధ్యలో వాయిద్యాలు ఆగి ఎవరినైనా పాట పాడమంటారు, ఒక్క గొంతు, ఏ వాయిద్యం లేకుండా. అప్పుడు ఎంత గోల ఉన్నా నిశ్శబ్దం చేయిస్తారు. దూరం నుంచి వచ్చినవాళ్లను అడగడం మామూలే. నువ్వు కలిసేది అక్కడ. మా అమ్మవాళ్లు పాడే బతుకమ్మ పాటల్లాగా ప్రతి చరణానికి ఉయ్యాలో అని వచ్చేది ఒకటి సిద్ధం చేసుకో, రెండో చరణానికల్లా టేబుల్ మొత్తం ఆ ఒక్క మాట అందుకుంటుంది. చిన్నదే పాడు, ఒక్కటే పాడు.

డప్పు సంగతి: తోలు మెత్తబడటం ఖాయం, పబ్బులో మంట ఉన్నా దాని దగ్గర కాపుతానంటే ఒప్పుకోరు. ఈసారికి వదిలెయ్. (ఎవరైనా ఆస్ట్రేలియా పోయేవాళ్లు చదువుతుంటే, తోలు వాయిద్యం ఎయిర్‌పోర్టులో తప్పకుండా డిక్లేర్ చేయాలి, అక్కడ చాలా కఠినం.) బదులుగా అక్కడే బౌరాన్ పట్టుకోవడం నేర్చుకో. జూలై మొదట్లో అయితే నీ అదృష్టం, అదే క్లేర్‌లో మిల్‌టౌన్ మాల్బే అనే ఊళ్లో 1973 నుంచి ఏటా విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ జరుగుతుంది, పగలు క్లాసులు, రాత్రి ఊరంతా సెషన్లు. ఆ వారం అక్కడ రూములు దొరకడం కష్టం, ఇప్పుడే చూసుకో. తేదీలు కుదరకపోతే కొత్తవాళ్ల కోసం నిదానంగా వాయించే స్లో సెషన్లు చాలా ఊళ్లలో ఉంటాయి. 6/8లో నడిచే జిగ్ అనే రకం ట్యూన్లతో మొదలుపెట్టు, తీన్మార్ కొట్టిన చేతికి ఆ మూడు మూడు లెక్క నడక దగ్గరగా అనిపిస్తుంది. రీల్ అనే ఇంకో రకం ట్యూన్లు తర్వాత.

నకిరేకల్ డప్పు:
ఆఫీసులో అడిగా అన్నా, పని జూన్ చివరికే అయిపోయేలా ఉంది. మిల్‌టౌన్ మాల్బేలో రూములు వెతుకుతున్నా. పాట మాత్రం అమ్మను అడిగే తీసుకుంటా.