బాపు, అమ్మ డాలస్‌కు పోతున్నారు: మామూలు ఎకానమీ చాలా, ప్రీమియం ఎకానమీ తీసుకోవాలా?

నక్కలగుట్ట_పెద్దోడు
మా చెల్లె డాలస్‌లో ఉంటుంది, నవంబర్‌లో డెలివరీ. బాపు, అమ్మ ఇద్దరూ ఆర్నెల్లు ఉండి వస్తారు. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. బాపుకు 67 ఏళ్లు, ఆరడుగుల మనిషి, ఎడమ మోకాలు అరిగింది. అమ్మకు 61, షుగర్ ఉంది, ఐదడుగులు కూడా లేదు.

దుబాయ్ మీదుగా రానూపోనూ ఎకానమీలో మనిషికి 1,25,000 చూపిస్తోంది. ప్రీమియం ఎకానమీ అయితే 2,20,000. ఇద్దరికీ కలిపి తేడా 1,90,000. చెల్లె "ప్రీమియమే బుక్ చెయ్ అన్నా, డబ్బులు నేనిస్తా" అంటోంది. బాపేమో "ఢిల్లీకి జనరల్ బోగీలో నిలబడి పోయినోణ్ణి నేను. కూర్చునేదానికి రెండు లక్షలా?" అని ఆ మాటే ఎత్తనివ్వడం లేదు. నాకు ఎటూ తేలడం లేదు. పెద్దవాళ్లను పంపినవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్
బాపు చెప్పిందే కరెక్ట్. ఎంత కష్టమైనా ఒక్క రోజు. విమానం దిగి రెండు రోజులు పడుకుంటే సరిపోతుంది. ఆ డబ్బుతో పెద్దవాళ్లిద్దరికీ మంచి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకో, మిగిలింది పుట్టబోయే పాపకు బంగారం పెట్టు. (పాత లెక్కలో తులం అనేవాణ్ణి, ఇప్పుడు లక్షకు తులం కూడా రావడం లేదులే.)

ఆ ప్రీమియంలో నేను ఒకసారి ఎక్కాను కూడా. న్యూజెర్సీ నుంచి ఢిల్లీకి వచ్చేటప్పుడు అదనంగా కట్టి తీసుకున్నా. నాలుగైదు అంగుళాలు ఎక్కువ, అంతే. సీటు అదే, తిండి అదే, పక్కవాడి మోచేయి అదే. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

టికెట్ల_పిచ్చోడు
కాజీపేట అన్నా, మీరు ఎక్కింది ప్రీమియం ఎకానమీ కాదు. అమెరికన్ కంపెనీలు 'ఎకానమీ ప్లస్' లాంటి పేర్లతో అమ్మేది మామూలు ఎకానమీ సీటే, కాళ్ల దగ్గర కాస్త జాగా ఎక్కువ. అసలు ప్రీమియం ఎకానమీ వేరే క్యాబిన్, సీటే వేరు. యునైటెడ్‌లోనే చూడండి, 'ఎకానమీ ప్లస్' ఒకటి, 'ప్రీమియం ప్లస్' ఇంకొకటి. ఈ పేర్ల తికమకలో మోసపోయామనుకునేవాళ్లు చాలామంది.

పెద్దోడు అన్నకు లెక్క చెప్తా. బోయింగ్ 777లో ఎకానమీ అంటే చాలా కంపెనీల్లో వరుసకు పది సీట్లు, మూడు-నాలుగు-మూడు. సీటు వెడల్పు 17 అంగుళాలు, వరుసకూ వరుసకూ మధ్య 31, 32 అంగుళాలు. ప్రీమియంలో వరుసకు ఎనిమిదే సీట్లు, రెండు-నాలుగు-రెండు. అంటే కిటికీ వైపు ఇద్దరే ఉంటారు. మూడో మనిషిని లేపాల్సిన పని లేదు. వరుసల మధ్య ఎక్కువ కంపెనీల్లో 38 అంగుళాలు, ఎమిరేట్స్‌లో 40 దాకా. వీపు కూడా ఎక్కువ వాలుతుంది, పిక్కల కింద ఆనుకోవడానికి ఒక పలక లేస్తుంది.

అయితే ఏ దారిలో పోతున్నారన్నది ముందు తేల్చుకోండి. దోహా మీదుగా అయితే ఈ చర్చే అక్కర్లేదు, ఖతార్ ఎయిర్‌వేస్‌లో ప్రీమియం ఎకానమీ లేనే లేదు. దుబాయ్ మీదుగా అయితే నాలుగు గంటలు, తర్వాత ఒకటే పట్టున పదహారు గంటలు. లండన్ మీదుగా అయితే సుమారుగా పది, పది. బాపు మోకాలికి ఆ పదహారు గంటల ముక్కే అసలు పరీక్ష.

కాజీపేట_జంక్షన్
సరే, నేను ఎక్కింది అది కాదు, ఒప్పుకుంటా. ఆ ఆరంగుళాలకు లక్షా తొంభై వేలన్నా తప్పు తప్పే.

ఇర్వింగ్_కోడలు
డాలస్ పక్కనే ఉంటాం, మాది మడికొండ. మా అత్తమ్మ, మామయ్యలను రెండుసార్లు పిలిపించుకున్నాం. మొదటిసారి ఎకానమీ, రెండోసారి ప్రీమియం. కాబట్టి రెండూ చూసి చెప్తున్నా.

మొదటిసారి అత్తమ్మ ఎయిర్‌పోర్ట్ బయటికి వచ్చేసరికి చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. పాదాలు అంతగా వాచాయి, చెప్పుల్లో దూరడం లేదు. ఎందుకిలా అయిందంటే, కిటికీ సీటు ఇచ్చారట, పక్కన ఇద్దరు తెల్లవాళ్లు నిద్రపోతున్నారు, లేపడానికి మొహమాటపడి పదహారు గంటల్లో ఒక్కసారే లేచింది. బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగలేదు. ఇది మన ఆడవాళ్లందరూ చేసే పనే, మీ అమ్మ కూడా చేస్తుంది, రాసిపెట్టుకోండి.

రెండోసారి నాలుగు గంటలు నిద్రపోయానంది. దిగిన మూడో రోజు నుంచే వంటింట్లో ఉంది. డెలివరీ సాయానికి వచ్చే మనిషి వారం రోజులు మంచం పడితే మీ చెల్లెకు సాయం ఎవరు చేస్తారు? అది కూడా లెక్కలో వేసుకోండి.

ఒక లోపం కూడా ఉంది. ప్రీమియంలో ఎక్కువగా ట్రే చేతిపట్టీలో మడతపెట్టి ఉంటుంది, అందుకని చేతిపట్టీ పైకి లేవదు. పక్క సీటు ఖాళీగా ఉన్నా నడుం వాల్చలేరు. ఎకానమీలో అదృష్టం బాగుండి మూడు ఖాళీగా దొరికితే బిజినెస్ క్లాస్ కంటే హాయి. నవంబర్‌లో అలా దొరకడం మాత్రం కష్టమే.

జగిత్యాల_టు_షార్జా
పదకొండేళ్ల నుంచి షార్జాలో ఉంటున్నా అన్నా. మా కంపెనీ రెండేళ్లకోసారి టికెట్ ఇస్తది, ఎకానమీనే. నాలుగు గంటల దానికి ఎవరికీ ఏ ప్రీమియమూ అక్కర్లేదు. శంషాబాద్‌లో కూర్చుంటే తిని కన్ను మూసేలోపు దుబాయ్.

నేను చెప్పేదేంటంటే, సీటు కంటే ముందు వీల్‌చెయిర్ రాయించండి. టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి, ఇంటర్నేషనల్ టికెట్లకు మామూలుగా డబ్బులు తీసుకోరు. బాపు "నేనేం కుంటోణ్ణా" అంటడు, మా నాయన కూడా అన్నడు. దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌లో గేటు నుంచి గేటుకు నడిస్తే అప్పుడు తెలుస్తది. పైగా వీల్‌చెయిర్ తోసే పిల్లగాడే ఇమిగ్రేషన్ దాకా తోడుంటడు. అమ్మకు ఇంగ్లీషు రాదని భయం అక్కర్లేదు, దుబాయ్‌లో తెలుగు మాట వినపడకుండా ఉండదు.

హంటర్_రోడ్
మధ్యేమార్గం ఒకటుంది. ఎకానమీలోనే ఎగ్జిట్ డోర్ దగ్గరి సీట్లు కొనండి. పదో పరకో వేలతో పోతుంది, కాళ్లు చాపుకోవచ్చు.

టికెట్ల_పిచ్చోడు
వీల్‌చెయిర్ రాయించినవాళ్లకు ఎగ్జిట్ దగ్గర సీటివ్వరు. ప్రమాదం జరిగితే ఆ తలుపు తీసి సాయం చేయగలిగినవాళ్లనే అక్కడ కూర్చోబెడతారు. గోడ వెనక మొదటి వరుస అడగొచ్చు, అక్కడ ముందు సీటు ఉండదు. కానీ ఉయ్యాల తగిలించేది కూడా అక్కడే, చంటిపిల్లల ఏడుపుకు సిద్ధపడాలి.

సుబేదారి_ఫిజియో
వాపు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ప్రీమియం కొంటే కాళ్లలో రక్తం గడ్డకట్టదనుకోవడం తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే ఆ ముప్పు సుమారు రెట్టింపవుతుంది. అయినా మొత్తం మీద అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు. విమానం ఒక్కటే కాదు, కారు, బస్సు, రైలు కూడా అంతే. హనుమకొండ నుంచి శంషాబాద్ దాకా కారులో మూడు, మూడున్నర గంటలే అయినా, ఆ వెంటనే విమానం ఉంది కాబట్టి దాన్నీ లెక్కలో వేసుకోండి. ఘట్‌కేసర్ దగ్గర ఒకసారి దింపి నడిపించండి.

'ఎకానమీ క్లాస్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు గానీ, ఎకానమీ సీటే దానికి కారణమని గట్టి ఆధారం లేదు. కదలకపోవడం కారణం. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు తక్కువ లేస్తారు కాబట్టి ముప్పు వాళ్లకే ఎక్కువ. ఇర్వింగ్ అక్క వాళ్ల అత్తమ్మ కథ అదే. కాబట్టి ఏ క్లాస్ అయినా సరే, ఇద్దరిలో ఒకరికి నడవ పక్క సీటు ఉండాలి, రెండోవాళ్లు వాళ్ల పక్కన ఉండాలి. మొగుణ్ణి లేపడానికి మొహమాటం ఉండదు కదా.

మోకాలి కింద వరకు వచ్చే కంప్రెషన్ సాక్స్ మంచివే. అమ్మకు షుగర్ అన్నారు, కాళ్లకు రక్తప్రసరణ సరిగా ఉందో లేదో డాక్టర్‌కు చూపించిన తర్వాతే వేయండి. మోకాలి నొప్పి మాత్రం వేరే సంగతి. అరిగిన మోకాలిని పదహారు గంటలు మడిచి ఉంచితే బిగుసుకుపోతుంది. అక్కడ జాగా నిజంగానే పనికొస్తుంది.

నక్కలగుట్ట_పెద్దోడు
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఇంట్లో ఒక ప్రయోగం చేశా. రెండు డైనింగ్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసి, దర్జీ టేపుతో వీపుకూ వీపుకూ మధ్య 32 అంగుళాలు కొలిచి, వెనక కుర్చీలో బాపును కూర్చోబెట్టా. మోకాలిచిప్ప ముందు కుర్చీకి ఆనింది. ఏమీ అనలేదు. ఎడమకాలు కాస్త పక్కకు తిప్పి పెట్టుకున్నాడు. ఐదు నిమిషాలకు లేచి "సరే, ఇంకోటి చూపియ్" అన్నాడు. 38కి జరిపా. కూర్చుని, టీపాయ్ మీది పేపర్ తీసి పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు.

అమ్మను కూర్చోబెడితే రెండూ ఒకటే అంది. నిజమే, మోకాళ్ల ముందు రెండింట్లోనూ బోలెడంత జాగా. కానీ ఆమె పాదాలు రెండింట్లోనూ నేలకు ఆనలేదు, గాల్లో ఆడుతున్నాయి. పదహారు గంటలు అలా వేలాడితే వాయవా మరి? "నాకు సీటొద్దు, పీట కావాలె" అంది. జాగా సంగతే ఆలోచిస్తున్నా గానీ ఈ సంగతి నాకు తట్టనే లేదు.

కాజీపేట_జంక్షన్
అయితే బాపుకు ప్రీమియం, అమ్మకు ఎకానమీ. కాళ్ల కింద బ్యాగు పెట్టుకుంటుంది. సగం డబ్బు మిగిలింది.

ఇర్వింగ్_కోడలు
అన్నా, మీరు వదినతో ఈ మాట అని చూడండి ఒకసారి. మొదటిసారి విమానం ఎక్కే మనిషిని పరదా అవతల ఒంటరిగా కూర్చోబెడతారా? షుగర్ మనిషి, మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో గుర్తు చేసేవాళ్లు పక్కన లేకుండా? మళ్లీ బాపుకు ఆ వెడల్పు సీటులో నిద్ర పడుతుందా?

జగిత్యాల_టు_షార్జా
అక్క చెప్పింది కరెక్ట్. ఇద్దరూ ఎకానమీలోనైనా పోవాలి, ఇద్దరూ ప్రీమియంలోనైనా పోవాలి.

ములుగు_రోడ్
ప్రీమియం తీసుకునేముందు టికెట్‌లో ప్రతి ముక్కకూ ఏ క్యాబిన్ రాసి ఉందో చూడండి. కొన్ని విమానాల్లో ఆ క్యాబిన్ ఉండదు. డబ్బులు ప్రీమియానికి కట్టి ఒక ముక్క ఎకానమీలో పోవాల్సి వస్తుంది. నాకైతే ఇంకా ఘోరం. 2024లో గేటు దగ్గర "విమానం మారింది సార్" అని ఎకానమీ బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టారు. తేడా డబ్బులకు ఐదు నెలలు మెయిళ్లు రాశా. అలా క్లాస్ తగ్గిస్తే ఆ ముక్క టికెట్ ధరలో దూరాన్ని బట్టి 30, 50 లేదా 75 శాతం ఇవ్వాలని విమాన కంపెనీలను నియంత్రించే డీజీసీఏ 2023 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చిందని నాకు అప్పుడు తెలియదు. మీరు తెలుసుకుని ఉండండి.

ఇంకోటి, జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రీమియం ఎకానమీని కూడా బిజినెస్ క్లాస్‌తో కలిపి 18 శాతం కింద పెట్టారు, అంతకుముందు 12. ఎకానమీకి 5 శాతమే. అంటే మీరు కట్టే తేడాలో కొంత కుర్చీకి కాదు, సర్కారుకు.

కాజీపేట_జంక్షన్
చూశారా! నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

టికెట్ల_పిచ్చోడు
పోవడానికి ఒక క్లాస్, రావడానికి ఒక క్లాస్ కలిపి బుక్ చేసుకోవచ్చు పెద్దోడు అన్నా. చాలా కంపెనీల సైట్లలో వస్తుంది. పోయేటప్పుడు ప్రీమియం తీసుకుంటే ఇర్వింగ్ అక్క చెప్పిన వంటింటి సమస్య తీరుతుంది. వచ్చేటప్పుడు దిగాక ఎన్ని రోజులు పడుకున్నా అడిగేవాళ్లు లేరు. భోజనం మాత్రం కనీసం ఒక రోజు ముందే హిందూ వెజిటేరియన్ అని పెట్టించండి, ఏ క్లాస్‌లోనూ అడిగిన వెంటనే దొరకదు.

నక్కలగుట్ట_పెద్దోడు
బుక్ అయిపోయింది. పోయేటప్పుడు ఇద్దరికీ ప్రీమియం, వచ్చేటప్పుడు ఎకానమీలో నడవ పక్కది, దాని పక్కది. తేడా 1,04,000 అయింది. చెల్లె ఒక్కతే కడతానంటే బాపు ఒప్పుకోలేదు, సగం తన పెన్షన్‌లోంచి ఇచ్చాడు. వీల్‌చెయిర్ ఇద్దరికీ రాయించా, ఆ సంగతి బాపుకు ఇంకా చెప్పలేదు, శంషాబాద్‌లో చెప్తా. వచ్చేటప్పటి కోసం అమ్మకు గాలి ఊదుకునే కాళ్ల దిండు ఆర్డర్ పెట్టా. రెండు పెట్టెల్లో ఒకటి పూర్తిగా సకినాలకే పోయేలా ఉంది, విరగకుండా ఎలా సర్దాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

డైనింగ్ కుర్చీలు మళ్లీ టేబుల్ దగ్గర వేద్దామంటే బాపు ఒప్పుకోవడం లేదు. నాలుగు రోజుల నుంచి పొద్దున పేపర్ అక్కడే, 38 అంగుళాల్లో.