చర్చ: ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు రగ్బీ జట్టులో చోటు దొరకాలంటే కబడ్డీ కోర్టులో వెతకాలా?

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. 2025 జూన్‌లో ముంబై అంధేరీలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్ అయింది కదా. ఆరు జట్లు, ఏడుగురి ఆట. ఫైనల్లో చెన్నై బుల్స్ ఢిల్లీ రెడ్జ్‌ని 41-0తో చితక్కొట్టి కప్పు పట్టుకెళ్లింది. మన భాష వైపు జట్టు హైదరాబాద్ హీరోస్, ఇచ్ఛాపురం దాటితే కళింగ బ్లాక్ టైగర్స్. రగ్బీ ఇండియాతో కలిసి లీగ్ పెట్టింది జీఎంఆర్ స్పోర్ట్స్. ఆ మూడక్షరాల వెనకున్న ఊరు రాజాం అని ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు. జట్టుకి 13 మంది: పెద్ద రగ్బీ దేశాల నుంచి ఐదుగురు, కెనడా, జర్మనీ, హాంకాంగ్ లాంటి చోట్ల నుంచి ముగ్గురు, మనవాళ్లు ఐదుగురు. అంటే మొత్తం దేశానికి 30 చోట్లు.

అందులో శ్రీకాకుళం, విజయనగరం పేర్లు కనబడాలంటే దగ్గరి దారి కబడ్డీయే అని నా వాదన. సంక్రాంతికి ఊరూరా పోటీలు జరుగుతాయి. మన కుర్రగుంటలకి పట్టు తెలుసు, పడటం తెలుసు, దెబ్బంటే భయం లేదు. అక్కడా ఏడుగురే, ఇక్కడా ఏడుగురే. పాసింగూ రూల్సూ ఏడాదిలో వచ్చేస్తాయి. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

బొబ్బిలి ప్రాప్:
ఏడుగురూ ఏడుగురే గానీ గురూగారూ, నేల ఒకటేనా? కబడ్డీలో మన సగం 10 మీటర్ల వెడల్పు, ఆరున్నర మీటర్ల లోతు. అందులో ఏడుగురు చేతులు కలిపి గొలుసు కడతారు. రగ్బీ మైదానం వెడల్పు 70 మీటర్లు. ఒకడు స్వీపర్‌గా వెనక ఉంటే మిగిలిన ఆరుగురికి తలా పదకొండు, పన్నెండు మీటర్లు. కార్నర్ (గొలుసు చివర నిలబడేవాడు) తొందరపడి దూకినా కబడ్డీలో కవర్ (వాడికి లోపలి వైపు ఉండేవాడు) వచ్చి అందుకుంటాడు. రగ్బీలో ఆ కవర్ వచ్చేసరికి ట్రై (బంతిని మన గీత దాటించి నేలకి ఆనించడం) అయిపోతుంది, ఐదు పాయింట్లు పోతాయి.

అంతకంటే పెద్ద చిక్కు పట్టులోనే ఉంది. కార్నర్ చీలమండ పట్టు ఎలా వేస్తాడో గుర్తు తెచ్చుకోండి. నడుం వంచి, తల దించి, రెండు చేతులూ పాదం మీదకి పంపిస్తాడు. తల రైడర్ మోకాలి ముందుకి వస్తుంది. రైడర్ వెనక్కి లాక్కుంటున్నాడు కాబట్టి కార్నర్ చాలాసార్లు బతికిపోతాడు. రగ్బీలో ఎదుటివాడు పూర్తి వేగంతో ముందుకి వస్తున్నాడు, మోకాలు నేరుగా కణతకి తగులుతుంది. అందుకే రగ్బీలో మొదట నేర్పేది తల ఎక్కడ పెట్టాలన్నదే. భుజం ఎదుటివాడి తొడ పైభాగానికి, చెంప వాడి పిరుదుకి ఆనాలి. తల ఎప్పుడూ వాడి వెనక పక్కనే. భుజం తగిలాకే చేతులు చుట్టాలి, చుట్టాకే కాళ్లతో తోయాలి.

ఇంక పక్కనుంచి డ్యాష్ కొట్టి గీత బయటకి నెట్టడం కవర్‌వాడికి గొప్ప పని. రగ్బీలో చేతులు చుట్టకుండా భుజంతో కొడితే పెనాల్టీ, గట్టిగా తగిలితే కార్డు. ఏడుగురి ఆటలో పసుపు కార్డంటే రెండు నిమిషాలు బయట కూర్చోవడం. ఏడేసి నిమిషాల రెండు సగాల ఆటలో రెండు నిమిషాలు ఆరుగురితో ఆడితే ఏమవుతుందో ఊహించుకోండి.

పట్టుకున్నాక ఇంకో తిరకాసు. కబడ్డీలో విజిల్ దాకా వదలకూడదు. రగ్బీలో ఎదుటివాడు నేలకి ఆనిన వెంటనే వాణ్ణి వదిలి, పక్కకి దొర్లి, లేచి నిలబడాలి. ఆ తరవాతే బంతి జోలికి వెళ్లాలి. పదేళ్లు ‘వదలకురా’ అని అరిచి నేర్పిన చేతులకి ‘వదిలెయ్’ అని చెప్పడం ఏడాది పని కాదు.

ఆమదాలవలస రోడ్డు:
కబడ్డీ ఒక్కటేనా మన సొత్తు? కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట, 2000 సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన మనిషి. నెల్లిమర్ల పక్క కొండవెలగాడలో ఇంటికో వెయిట్‌లిఫ్టర్. ఆ తొడలూ, ఆ నడుమూ స్క్రమ్‌కి (రెండు జట్లవాళ్లూ వంగి, భుజాలు ఆనించి తోసుకోవడం) పెడితే ఎవడు ఆపుతాడు?

పొందూరు ఫుల్‌బ్యాక్:
ఏటి మాస్టారూ, బరువులెత్తేవాళ్ల సొంత బరువు ఎంతో చూశారా? మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది, మల్లీశ్వరిది 69. అబ్బాయిల 15 మంది ఆటలో పెద్ద స్థాయి ప్రాప్ (స్క్రమ్ ముందు వరసలో పక్కన ఉండి తోసేవాడు) అంటే 110 కిలోల పైమాటే. మనవాళ్ల బలం నిజమే, కానీ అది తేలిక విభాగాల బలం.

ఇంకోటి, బార్‌బెల్ పైకి వెళ్తుంది, స్క్రమ్ ముందుకి వెళ్తుంది. లిఫ్ట్ రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. స్క్రమ్‌లో వీపు బల్లలా పెట్టి, భుజాలు తుంటి కంటే కిందికి దిగకుండా, బంతి బయటపడేదాకా ఓర్చుకోవాలి. మెడ మీద పడే ఒత్తిడి బరువులెత్తేవాడికి అలవాటే లేదు.

వాళ్లు పనికొచ్చే చోటు వేరే ఉంది. లైనౌట్లోనూ (పక్క గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరేటప్పుడు), కిక్‌ఆఫ్ అందుకునేటప్పుడూ గెంతేవాణ్ణి ఇద్దరు పైకెత్తుతారు. ముందున్నవాడు తొడల దగ్గర పట్టాలి, అంతకంటే కింద పట్టకూడదు. వెనకున్నవాడు నిక్కరు దగ్గర పట్టాలి. 85 కిలోల మనిషిని ఒక్క ఊపులో చేతులు నిటారయ్యేదాకా ఎత్తి, గాల్లో నిలిపి, మళ్లీ జాగ్రత్తగా దింపాలి. చాలామంది ఎత్తడం చూసి చప్పట్లు కొడతారు, నడుములు విరిగేది దింపేటప్పుడు. క్లీన్ అండ్ జెర్క్ చేసినవాడికి ఇది రెండు వారాల పని. కానీ ఆ తరవాత 40 మీటర్లు పరిగెత్తాలి, అది గుర్తుంచుకోండి.

మందస కోవా:
అసలు ఆడేదెక్కడ? కాలేజీ గ్రౌండ్లన్నీ ఎర్రమట్టీ గులకరాళ్లూ. పండగ వెళ్లాక కోత అయిపోయిన పొలాల్లో ఆడిస్తే సరి.

బొబ్బిలి ప్రాప్:
కోవాగారూ, కోసిన పొలంలో వరి మోళ్లుంటాయి. పరిగెత్తడం వరకు బూట్లతో నెట్టుకురావచ్చు గానీ పడితే మొహం మీద గీసుకుంటుంది, కంటికి తగిలితే ఇంక చెప్పక్కర్లేదు. పైగా మట్టి ఎండి పగుళ్లిస్తుంది, పగుల్లో బూటు అడుగున ఉండే స్టడ్ ఇరుక్కుంటే మోకాలి లిగమెంటు తెగుతుంది. ట్యాకిల్ (పరిగెత్తేవాణ్ణి పట్టి పడేయడం) నేర్పడానికి కళింగపట్నం, బారువ ఇసకే నయం. పొడి ఇసకలో వద్దు, కెరటం తడిపి వెళ్లిన చోటుకి కాస్త పైన గట్టిపడిన ఇసక చూసుకోండి. వారానికి రెండు రోజులు చాలు. రోజూ ఇసకలోనే పరిగెత్తితే అడుగు పొట్టిదైపోతుంది, మడమ వెనక నరం పట్టేస్తుంది. పరుగూ పాసింగూ ఎర్రమట్టి మీద, పడటం ఇసక మీద. ఈ రెండూ కలపకండి.

నాగావళి గట్టు:
ప్రాప్‌గారు చెప్పినవన్నీ పట్టేవాళ్ల తప్పులు. కూతకెళ్లేవాడి సంగతేంటి? ముప్పై సెకన్లలో ఏడుగురి కాళ్ల కదలిక చూసి, ఒకవైపు భుజం ఊపి ఇంకోవైపు తప్పుకునే మనిషి. ఏడుగురి ఆటలో వింగర్‌కి (అంచున పరిగెత్తేవాడికి) కావలసింది అదేగా? బీహార్ స్వీటీ కుమారి స్ప్రింటర్‌గా మొదలై రగ్బీకి వచ్చింది, 2019లో అంతర్జాతీయంగా ఉత్తమ యువ క్రీడాకారిణిగా ఎంపికైంది. అమెరికా తరఫున ఆడిన కార్లిన్ ఐల్స్ కూడా పరుగుపందాల నుంచి వచ్చినవాడే. వేరే ఆటల నుంచి రావడం కొత్తేం కాదు.

బొబ్బిలి ప్రాప్:
రైడర్ల మాట ఒప్పుకుంటాను, సగం. పక్కకి తప్పుకోవడంలో మనవాళ్లకి తిరుగులేదు. కానీ వాళ్లు తప్పుకునేది రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు. చేతిలో 400 గ్రాములు దాటిన కోడిగుడ్డు బంతి పెట్టి అదే పని చేయించండి. వెంటనే బంతిని చంకలోకి ఇరికించుకుంటారు. చంకలోకి వెళ్లిందంటే పాస్ లేదు, ఎదుటివాడికి అనుమానం లేదు. రెండు చేతుల్లో బంతి ఉంటేనే ఇద్దరు డిఫెండర్లు ఆగి చూస్తారు.

పట్టుబడ్డాక ఇంకో అలవాటు అడ్డొస్తుంది. కూతకెళ్లినవాడు దొరికితే బోర్లా పడి, పాకి, చెయ్యి చాచి గీత అందుకుంటాడు. రగ్బీలో ట్రై గీత అందేంత దగ్గర్లో ఉంటే వెంటనే చెయ్యి చాచి బంతి ఆనించొచ్చు. మిగతా చోట్ల పాకితే పెనాల్టీ. అక్కడ చేయాల్సింది దీనికి తిరగేసిన పని. పడుతూనే పక్కకి తిరగాలి, వీపు ఎదుటివాళ్లకి పెట్టాలి, బంతిని చేతులు చాచి మన గోల్‌లైన్ వైపు పెట్టాలి. బంతి ఛాతీ దగ్గరే ఉంచుకుంటే ఎదుటి జట్టువాడు కాళ్ల మీద నిలబడి వంగి చేతులేస్తాడు, రిఫరీ రెండు క్షణాలు చూసి విజిల్ వేస్తాడు, పెనాల్టీ వాళ్లకి. ఏడుగురి ఆటలో ఓడిన మ్యాచ్‌లు లెక్కేయండి, బలం చాలక పోయినవాటికంటే ఈ రెండు క్షణాల దగ్గర పోయినవే ఎక్కువ.

గజపతి 15:
మీరంతా ఏడుగురి దగ్గరే ఆగిపోయారు. అసలు రగ్బీ యూనియన్ అంటే 15 మంది, 80 నిమిషాలు. కొత్త ప్రొఫెషనల్ జట్లు ఎలా నిలబడ్డాయో, ఎలా పడ్డాయో అక్కడ చూడాలి. 2016లో సూపర్ రగ్బీలోకి (దక్షిణార్ధగోళం జట్ల ప్రొఫెషనల్ పోటీ) రెండు కొత్త జట్లొచ్చాయి. జపాన్ సన్‌వుల్వ్స్ అక్కడో ఇక్కడో ఏరిన ఆటగాళ్లతో హడావుడిగా కట్టిన జట్టు. 15 మ్యాచ్‌ల్లో ఒక గెలుపు, ఒక డ్రా, 13 ఓటములు. దక్షిణాఫ్రికా జట్టు చీటాస్ చేతిలో 92-17తో ఓడింది. 2020 తరవాత జట్టే లేదు. అర్జెంటీనా జాగ్వారెస్ మాత్రం దాదాపు జాతీయ జట్టే, ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లు. 2019లో ఫైనల్‌కి వెళ్లారు. ఫిజియన్ డ్రువా 2022లో వచ్చి మొదటి ఏడు రెండే మ్యాచ్‌లు గెలిచింది, మరుసటి ఏడు క్వార్టర్ ఫైనల్లో ఉంది. ఎందుకంటే 2017 నుంచే ఆస్ట్రేలియా దేశవాళీ పోటీలో ఆడుతూ 2018లో అది గెలిచింది కూడా. అప్పటికే చిన్న మెట్టు ఎక్కి ఉన్నారు. ఏరుకొచ్చిన మనుషులకి జెర్సీ వేసినంత మాత్రాన జట్టయిపోదు.

పొందూరు ఫుల్‌బ్యాక్:
గజపతిగారూ, ఉదాహరణలు బాగున్నాయి, ఆచరణే కుదరదు. 23 మంది జట్టుతో 15 మంది మ్యాచ్‌కి వెళ్తే స్క్రమ్ ముందు వరసలో ఆడటానికి తర్ఫీదైనవాళ్లు ఆరుగురుండాలి. ఉన్నవాళ్లకి దెబ్బ తగిలి, మార్చడానికి తర్ఫీదైనవాడు లేకపోతే తోపులాట లేని స్క్రమ్‌లే, అంటే ఊరికే వంగి లేవడం. రెండు జిల్లాలూ జల్లెడ పట్టినా ఆ ఆరుగురు దొరకరు. డబ్బు సంగతి సరేసరి. ఇంగ్లండ్‌లోనే వాస్ప్స్, వూస్టర్ క్లబ్బులు 2022లో, లండన్ ఐరిష్ 2023లో దివాలా తీశాయి. మన దేశంలోనూ పాత కథే: 1873లో పెట్టిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ (ఆడింది రగ్బీయే) 1878లో మూతపడితే, బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలు కరిగించి కప్పు చేయించారు. ఇప్పటికీ ఇంగ్లండ్, స్కాట్లండ్ దానికోసం కొట్టుకుంటున్నాయి. పాము పిడుల మీద ఏనుగు మూత, కప్పు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది.

వంశధార:
పిల్లల మాట ఎవరూ ఎత్తలేదేం? భువనేశ్వర్‌లో కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ గిరిజన పిల్లలకి రగ్బీ నేర్పి ఎక్కడికి తీసుకెళ్లిందో చూస్తున్నాం. పలాసలో రైలెక్కితే అదే లైన్లో భువనేశ్వర్. మన గురుకులాల్లో పదకొండు పన్నెండేళ్లవాళ్లతో మొదలెడితే మరిపించాల్సిన అలవాట్లే ఉండవు. మొదటి ఏడాది ట్యాకిల్ వద్దు. నడుముకి రెండు గుడ్డపీలికలు దోపి, పీలిక లాగితే పట్టుబడినట్టే. బంతి 4వ సైజు. 5వ సైజు ఇస్తే చిన్న చేతుల్లో జారి, ఛాతీకి హత్తుకోవడం అలవాటవుతుంది, అది తరవాత పోదు.

నాగావళి గట్టు:
పిల్లలు సరే, వాళ్లు ఎదిగేసరికి ఏడెనిమిదేళ్లు. ఇప్పుడు పద్దెనిమిది, ఇరవై ఉన్న రైడర్లని వదిలేద్దామంటారా? సరే, నా మాట సవరించుకుంటాను. రైడర్లని తీసుకుందాం, కార్నర్లని వద్దు. సెలక్షన్ ఎలా పెట్టాలో చెప్పండి ప్రాప్‌గారూ.

బొబ్బిలి ప్రాప్:
కార్నర్లని వద్దనలేదండీ నేను, ఆలస్యమవుతుందన్నాను. అసలు సెలక్షన్‌కి ముందు ఆరు వారాలు కావాలి. రెండు వారాలు ఇద్దరూ మోకాళ్ల మీదే ఉండి ట్యాకిల్, తల ఎటు పోతోందో చూడటానికే. తరవాత ఒక్క అడుగు వేసి. ఆ తరవాత ఎదుటివాడు నడుస్తూ వస్తాడు. ఆఖరి రెండు వారాలు ఐదు మీటర్ల నుంచి సగం వేగంతో. రోజుకి మనిషికి ఇరవై ట్యాకిల్స్ దాటనివ్వకండి, అలసినవాడి తల మళ్లీ పాత చోటుకే పోతుంది. పళ్లగార్డు లేనివాణ్ణి లైన్లోకి రానివ్వొద్దు. తలకి దెబ్బ తగిలి తూలినా, ‘ఏం కాలేదు’ అన్నా సరే, ఆ రోజు మళ్లీ దింపకండి.

సెలక్షన్ రోజు 40 మీటర్ల పరుగు ఆరుసార్లు, మధ్య ముప్పై సెకన్లు. మొదటి పరుగు ఎంత బాగున్నా పట్టించుకోకండి, ఆరోది చూడండి. ఈ లీగ్‌లో నాలుగేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, మధ్యలో ఊపిరి దొరుకుతుంది కాబట్టి రైడర్లకి కాస్త అనుకూలమే. ఆరో పరుగు అవగానే ఊపిరి తీసుకోనివ్వకుండా ట్యాకిల్‌కి నిలబెట్టండి. మన కుర్రాళ్లంతా కుడి భుజంతో బాగానే చేస్తారు. ఎడమవైపు పరిగెత్తేవాణ్ణి కూడా కుడి భుజంతోనే పట్టబోయి తల వాడి ముందుకి పెట్టేస్తారు. ఎడమ భుజంతో పది చేయించి, పదిసార్లూ తల వెనకే ఉంటే అప్పుడు పేరు రాసుకోండి.