సమ్మతి గురించి కాలేజీలో క్లాసు: అబ్బాయిలకి కూడా పెట్టాలా?

విజయనగరం లెక్చరర్:
డిగ్రీ మొదటి ఏడాది పిల్లలందరికీ లైంగిక దాడుల నివారణ, సమ్మతి గురించి ఒక క్లాసు తప్పనిసరి చేద్దామని మా స్టాఫ్ మీటింగులో అడిగాను. అమ్మాయిలకి చాలు, అబ్బాయిలకెందుకు అన్నారు చాలామంది. మీరేమంటారు?

పాలకొండ నుంచి ఒక తండ్రి:
మాస్టారూ, అసలు ఎవరికీ వద్దు. కాలేజీలో ఇలాంటివి చెప్తున్నారని తెలిస్తే మా పల్లెల్లో ఆడపిల్లల్ని ఇంటర్‌తోనే మాన్పించేస్తారు. జాగ్రత్తలు ఇంట్లో మేమే చెప్పుకుంటాం.

శ్రీకాకుళం పీజీ విద్యార్థిని:
బాబాయ్ గారూ, ఇంట్లో చెప్పే జాగ్రత్తలన్నీ మాకే. చీకటి పడకముందే వచ్చెయ్, ఎవరితోనూ మాట్లాడకు. నేను డిగ్రీ చదివిన కాలేజీలోనూ అంతే. అమ్మాయిలందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి చున్నీ గురించి, ఫోన్ గురించి గంటసేపు చెప్పారు. ఆ గంటా అబ్బాయిలు గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడుకున్నారు. మీద చెయ్యి వెయ్యకూడదని వాళ్లకి ఎవరు చెప్పాలి?

చట్టం కూడా వాళ్లకి తెలియాలి. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ప్రకారం సమ్మతి అంటే మాటతోనో సైగతోనో తన ఇష్టంతో స్పష్టంగా ఒప్పుకోవడం. ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అంటే చెల్లదని అందులోనే ఉంది. 18 ఏళ్లు నిండని అమ్మాయి సరేనన్నా చట్టం దాన్ని సమ్మతిగా లెక్కించదు. డిగ్రీలో చేరేవాళ్లలో 17 ఏళ్లవాళ్లు ఎంతమంది ఉంటారో చూడండి. అబ్బాయిల తల్లిదండ్రులు మరీ ముందుగా అడగాల్సిన క్లాసు ఇది.

పాలకొండ తండ్రి:
మగపిల్లలకి చెప్పాలన్న మాట ఒప్పుకుంటానమ్మా. కలిపి కూర్చోబెడితే మాత్రం ఊళ్లో మాటలొస్తాయి.

లెక్చరర్:
మొదట విడివిడిగా పెట్టినా నాకు అభ్యంతరం లేదు, విషయం మాత్రం ఇద్దరికీ ఒకటే ఉండాలి. ఇంకోటి. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు తీసుకునే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. వేధింపు జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. మా దగ్గర ఆ కమిటీ గురించి నోటీసు బోర్డులో పెట్టిన కాగితం ఫీజుల నోటీసుల కింద పడిపోయింది.

విద్యార్థిని:
కాగితం పైకి తీసినా మేం ఫిర్యాదు ఇవ్వడానికి రాం సార్. ఇంట్లో తెలిస్తే ముందు ఆగేది మా చదువే, ఆ తర్వాత పెళ్లి సంబంధాలు. బాబాయ్ గారూ, మీ అమ్మాయి వచ్చి చెప్తే కాలేజీ మాన్పించనని ఇవాళే తనకి మాటివ్వగలరా?

పాలకొండ తండ్రి:
ఇస్తానమ్మా. మాస్టారూ, ఆ క్లాసుకి తల్లిదండ్రుల్ని కూడా పిలవండి. నేనొస్తాను.