సెర్చ్ బాక్స్‌లో పాత ఫలితాలు కొత్తవాటి మీద పడుతుంటే: డిబౌన్స్ చాలా, అబార్ట్ కావాలా?

తీగలాగు:
ఊరి పేరు టైప్ చేస్తుంటే కీ నొక్కినప్పుడల్లా ఒక ఫెచ్ (సర్వర్‌కు జావాస్క్రిప్ట్ పంపే రిక్వెస్టు) వెళ్లే పేజీ. "గుం" కొట్టి వెంటనే "గుంటూరు" పూర్తిచేస్తే, ఒక్కోసారి గుంటూరు కనబడీ కనబడకముందే గుంతకల్లుతో కలిపిన పాత జాబితా దాని మీద వచ్చి కూర్చుంటుంది. 300 మిల్లీసెకన్ల డిబౌన్స్ పెడితే, అంటే టైపింగ్ అంతసేపు ఆగాకే రిక్వెస్టు పంపితే, బాగా తగ్గుతుంది. అది చాలని నా వాదన. వెళ్లిన ఫెచ్‌ను మధ్యలో ఆపే (అబార్ట్ చేసే) అబార్ట్‌కంట్రోలర్ తెస్తే కోడ్ పెరుగుతుంది, ఎర్రర్లను పట్టే క్యాచ్ బ్లాకులో ఇంతకుముందు లేని ఎర్రర్లు వచ్చి చేరతాయి. కాదంటే కారణం చెప్పండి.

ఓపికగా:
తగ్గడం వేరు, పోవడం వేరండీ. డిబౌన్స్ రిక్వెస్టుల సంఖ్యనే తగ్గిస్తుంది. బయల్దేరిన రెండింటిలో ఏది ముందు తిరిగొస్తుందో దాని చేతిలో లేదు. మనిషి 400 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ టైప్ చేస్తే రెండూ వెళ్తాయి. పైగా "గుం"కు సరిపోయే ఊళ్లు ఎక్కువ కాబట్టి, ఆలస్యమయ్యేది తరచూ మొదటిదే.

మీరే తేల్చుకోవచ్చు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ప్యానెల్‌లో మామూలు త్రాట్లింగ్ (నెట్ వేగం తగ్గించడం) పెడితే బగ్ దొరకదు, అది అన్నిటినీ ఒకే తీరుగా నెమ్మది చేస్తుంది. టెస్ట్ సర్వర్‌లో, వచ్చిన మాట పొడవు 4 కంటే తక్కువైతే జవాబును 3 సెకన్లు ఆపండి (జావాస్క్రిప్ట్ లెక్కలో "గుం" పొడవు 3, "గుంటూరు" పొడవు 7). "గుం" కొట్టి అర సెకను ఆగి మిగతాది పూర్తిచేయండి. ఆ ప్యానెల్‌లో రిక్వెస్టుల సమయాన్ని పట్టీలుగా చూపే వాటర్‌ఫాల్‌లో కింది పట్టీ ముందే ముగుస్తుంది, పైది దాన్ని దాటి సాగుతుంది. బగ్ అదే.

కన్సోల్‌లో ఆబ్జెక్టును నేరుగా ముద్రించి నమ్మకండి. బాణం నొక్కి తెరిచిన క్షణంలో దానిలో ఏముందో అదే చూపిస్తుంది, ముద్రించినప్పటిది కాదు. స్ట్రింగ్‌గా మార్చి ముద్రించండి.

వరుససంఖ్య:
డిబౌన్స్ చాలదన్నది నిజమే, కానీ దానికి అబార్ట్ దాకా వెళ్లక్కర్లేదు. బయట "తాజా" అని ఒక లెక్క ఉంచండి. రిక్వెస్టు పంపే ముందు దాన్ని ఒకటి పెంచి, ఆ అంకెను ఫంక్షన్ లోపల "నాది"లో దాచండి. జవాబు వచ్చాక నాది, తాజా ఒకటి కాకపోతే రిటర్న్. అంతే. అయితే ఈ తనిఖీ ఫెచ్ అవెయిట్ (జవాబు కోసం ఆగే చోటు) తర్వాత పెట్టి వదిలేస్తారు చాలామంది. జవాబులోని జేసన్ డేటా చదవడం కూడా అవెయిటే, పెద్ద జవాబైతే ఆ సందులోనే కొత్త రిక్వెస్టు దూరుతుంది. చివరి అవెయిట్ తర్వాత, పేజీని మార్చే లైనుకు సరిగ్గా ముందు ఉండాలి.

ఓపికగా:
అంకె పద్ధతి సరైనదే, కానీ పాత రిక్వెస్టు అలాగే నడుస్తూ ఉంటుంది. హెచ్‌టీటీపీ 1.1లో క్రోమ్ ఒక హోస్టుకు 6 కనెక్షన్లే తెరుస్తుంది. ఆరూ పాతవాటితో నిండితే అసలు కావలసినది వరుసలో నిలబడుతుంది. హెచ్‌టీటీపీ 2 అయితే ఈ ఇబ్బంది పెద్దగా లేదు.

అబార్ట్ పెట్టేవాళ్లు మూడు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకసారి ఆపిన సిగ్నల్ (కంట్రోలర్ నుంచి ఫెచ్‌కు ఇచ్చేది) మళ్లీ పనికిరాదు, ప్రతి రిక్వెస్టుకూ కొత్త కంట్రోలర్ కావాలి. అబార్ట్‌ను డిబౌన్స్ టైమర్ మోగినప్పుడు కాదు, కీ నొక్కగానే పిలవాలి, లేకపోతే ఆ 300 మిల్లీసెకన్లలో పాత జవాబు వచ్చి పడుతుంది. ఇక ఫైనల్లీ బ్లాకులో (జవాబొచ్చినా, ఎర్రర్ వచ్చినా చివర నడిచేది) తనిఖీ లేకుండా లోడింగ్ చక్రాన్ని ఆపకండి: ఆగిపోయిన పాత రిక్వెస్టు ఫైనల్లీ, ఇంకా నడుస్తున్న కొత్తదాని చక్రాన్ని ఆర్పేస్తుంది. అక్కడ మీ అంకె తనిఖీయే కావాలి, అంటే రెండూ కలిపి వాడడమే మేలు. క్యాచ్‌లో ఎర్రర్ పేరు అబార్ట్‌ఎర్రర్ అయితే మౌనంగా వెనక్కి రండి, మిగతావి చూపండి. సర్వర్ 500 (సర్వర్ లోపం) ఇచ్చినా ఫెచ్ క్యాచ్‌లోకి రాదు, జవాబు సఫలమా అని చెప్పే రెస్పాన్స్ ఓకేను విడిగా చూడాల్సిందే.

తీగలాగు:
సరే, వరుస తప్పడానికి డిబౌన్స్ మందు కాదని ఒప్పుకుంటున్నా. సర్వర్ మీద భారం తగ్గించడానికి మాత్రం ఉంచుతా. మరి సేవ్ బటన్‌కూ ఇదే అబార్ట్ వాడొచ్చా?

వరుససంఖ్య:
వద్దండీ. అబార్ట్ బ్రౌజర్ ఎదురుచూపును ఆపుతుందే గానీ, సర్వర్‌కు చేరిన పోస్ట్‌ను (సేవ్ చేయమనే రిక్వెస్టును) వెనక్కి తేలేదు. రికార్డు రాసేసి ఉండొచ్చు, మళ్లీ నొక్కితే రెండోది పడుతుంది. అక్కడ జవాబు వచ్చేదాకా బటన్‌ను డిసేబుల్ చేయండి, రిక్వెస్టుతో ఒక ప్రత్యేక ఐడీ పంపి సర్వర్‌లో ఆ ఐడీ రెండోసారి వస్తే తిప్పికొట్టండి.