సెకండ్ హ్యాండ్ పొక్లెయిన్‌లో పని మధ్యలో కమ్యూనికేషన్ ఎర్రర్, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్ డబ్బా) మార్చాల్సిందేనా?

బంగారుపాళెం_మిషన్:
అన్నలూ, మూడు నెలల కింద హోసూరు దగ్గర ఒక 20 టన్నుల పొక్లెయిన్ తీసుకున్నా. 2017 మోడల్, మీటర్‌లో 8,900 గంటలు, అది నిజమో కాదో దేవుడికే తెలియాలి. మామిడి తోటల్లో చదును పని రెండు నెలలు బాగానే చేసింది. ఇప్పుడేమో అరగంట నడిచాక మానిటర్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్ అని పడి, గేజులన్నీ ఆగిపోయి, ఇంజిన్ ఐడ్లింగ్‌కి పడిపోతోంది, డయల్ ఎంత తిప్పినా రేస్ అవదు. తాళం ఆపి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. కోడ్ ఎస్‌పీఎన్ 639, ఎఫ్‌ఎంఐ 9. చిత్తూరులో ఒకాయన ల్యాప్‌టాప్ పెట్టి చూసి ఈసీఎం పోయింది, పాతది తెచ్చి వేసినా లక్షా ఎనభై వేలు అవుతుంది అన్నాడు. కిస్తీ తేదీ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. వేయించమంటారా?

రేణిగుంట_వైరింగ్:
ఆగు తమ్ముడూ, డబ్బులు ఇవ్వొద్దు. పోయిన ఈసీఎం తాళం తిప్పగానే బాగైపోతుందా? 639 అంటే ఫలానా డబ్బా పోయిందని కాదు, డబ్బాలన్నీ మాట్లాడుకునే లైన్‌లో తేడా ఉందని. ఎఫ్‌ఎంఐ 9 అంటే రావాల్సిన సమాచారం రావాల్సిన టైమ్‌కి రావడం లేదని. ఇంజిన్ ఈసీఎం, పంప్ కంట్రోలర్, మానిటర్ అన్నీ మెలేసిన రెండే రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి, క్యాన్ హై, క్యాన్ లో అని. ఆ లైన్‌కి రెండు చివరలా ఒక్కో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. రెండూ పక్కపక్కన కలిసినట్టు కాబట్టి మీటర్‌కి 60 కనిపించాలి.

తాళం తీసి ఐదు నిమిషాలు ఆగు, ఈసీఎం తన లెక్కలు రాసుకుంటుంది, తర్వాత బ్యాటరీ కటాఫ్ ఆపు. క్యాబిన్‌లో 9 పిన్నుల గుండ్రటి డయాగ్నోస్టిక్ సాకెట్ ఉంటుంది, చాలా మిషన్లలో సీ పిన్ హై, డీ పిన్ లో. ఆ రెండింటి మధ్య ఓమ్స్ చూసి చెప్పు. కరెంటు ఉండగా ఓమ్స్ చూస్తే ఏదో ఒక అంకె వస్తుంది, దాన్ని నమ్మితే నట్టేట మునుగుతావు. వైరు తోలు పొడిచి చూడొద్దు, ఆ చిల్లులోంచి నీళ్లు దిగి ఆర్నెల్లకి ఇంకో రోగం పట్టుకుంటుంది.

కుప్పం_క్వారీ:
మా క్వారీలో ఒక మిషన్‌కి ఇలాగే వచ్చింది, బ్యాటరీ ఎర్త్ బోల్టు లూజు. బిగిస్తే సరిపోయింది. ముందు అది చూడు అన్నా. పొక్లెయిన్ తిరిగే చోట సెంటర్ జాయింట్‌లో కూడా వైర్లు తెగుతాయేమో.

రేణిగుంట_వైరింగ్:
ఎర్త్ చూడమనడం మంచి మాటే. మీటర్ ఒక మొన బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకోటి ఇంజిన్ బ్లాక్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టు, అర వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదని లెక్క. కానీ సెంటర్ జాయింట్ సంగతి కాదు, అందులోంచి కింద ట్రావెల్ మోటార్లకి ఆయిల్ పోతుంది అంతే. మామూలు చైన్ మిషన్‌లో కంట్రోలర్లు, ఇంజిన్, మానిటర్ అన్నీ పైనే ఉంటాయి.

బంగారుపాళెం_మిషన్:
చూశా అన్నా. ఎర్త్ బాగుంది, 0.2 వచ్చింది. ఓమ్స్ మాత్రం 41. మూడుసార్లు చూసినా అదే.

రేణిగుంట_వైరింగ్:
41 ఆ! అయితే లైన్‌లో మూడో రెసిస్టర్ ఉంది. 120లు మూడు కలిస్తే 40. కంపెనీ అట్లా పెట్టదు, మధ్యలో ఎవరో ఏదో తగిలించారు. ఫైనాన్స్ వాళ్ల జీపీఎస్ డబ్బా ఉందేమో వెతుకు. సీటు వెనక, బ్యాటరీ పెట్టె పక్కన, క్యాబిన్ పైకప్పు తోలు వెనక, ఎక్కడైనా దాస్తారు. సెకండ్ హ్యాండ్ మిషన్లలో నేను చూసిన కమ్యూనికేషన్ కేసుల్లో ఎలకల తర్వాత స్థానం వీటిదే.

బంగారుపాళెం_మిషన్:
అన్నా నీ నోటి చలవ! సీటు వెనక కంట్రోలర్ పక్కన నల్ల డబ్బా, సిమ్ కూడా ఉంది. పాత ఓనర్‌కి ఫోన్ చేస్తే ఆ లోన్ ఎప్పుడో తీరిపోయిందన్నాడు, ఎన్‌ఓసీ కాపీ వాట్సాప్‌లో పంపాడు. డబ్బా పీకితే 60 వచ్చింది. సంతోషంగా పనిలోకి దింపితే నలభై నిమిషాలకి మళ్లీ అదే ఎర్రర్. ఏడుపొచ్చింది.

రేణిగుంట_వైరింగ్:
డబ్బా పీకావు సరే, దాన్ని లైన్‌కి కలిపిన అతుకు చూశావా? బ్యాటరీ ఆపి, మీటర్ సాకెట్‌లో పెట్టే ఉంచి, ఇంకొకరి చేత అక్కడి వైర్ల కట్టని అటూ ఇటూ కదిలించు. 60 నుంచి 120కి ఎగిరితే లైన్ అక్కడే తెగుతోంది, ఒక చివర రెసిస్టర్ కనపడకుండా పోతోంది. సున్నా దగ్గరికి పడితే హై, లో రెండూ తాకుతున్నాయి. ఇంకో సంగతి, చాలా ఇంజిన్లలో ఒక రెసిస్టర్ ఈసీఎం లోపలే ఉంటుంది, దాని ప్లగ్ తీసి చూస్తే 120 వస్తుంది, అది చూసి ఈసీఎం పోయిందనుకోవద్దు. మీ చిత్తూరాయన అక్కడే బోల్తా పడ్డాడేమో.

బంగారుపాళెం_మిషన్:
దొరికింది! మా ఆపరేటర్ కట్ట కదిలిస్తుంటే 60, 120, 60 అని ఎగిరింది. టేపు విప్పితే అసలు లైన్‌నే కోసి, మూడు కొసలు చేత్తో మెలేసి వదిలేశారు, రాగి పచ్చగా తిరిగింది. పాడైన ముక్క కోసేసి, సోల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ తొడిగి, కదలకుండా టై కట్టాం. తాళం వేసి చూస్తే హై 2.7, లో 2.3 వోల్టులు. నాలుగు రోజులుగా రోజుకి తొమ్మిది గంటలు నడుస్తోంది, ఒక్క ఎర్రర్ లేదు. ఖర్చు మూడు వందల ఎనభై, అందులో టీలు కూడా ఉన్నాయి. అవునన్నా, మరి 41 ఓమ్స్‌తో అన్నాళ్లు ఎలా నడిచింది?

రేణిగుంట_వైరింగ్:
సిగ్నల్ కొంచెం బలం తగ్గుతుంది, అంతే. మీ మిషన్‌లో లైన్ పొడుగు తక్కువ, సెకనుకి 250 కిలోబిట్ల వేగం, కాబట్టి ఓర్చుకుంది. నిన్ను ఏడిపించింది అతుకే, 41 దాని అడ్రస్ చూపించింది. సోల్డర్ చేసిన చోట రెండు వైర్లు మళ్లీ మెలితిప్పే ఉంచావా, విడివిడిగా వదిలేశావా? ఆ డబ్బాకి వచ్చిన 24 వోల్టుల వైరు ఫ్యూజు దగ్గరే తీసెయ్, ఊరికే వేలాడనివ్వొద్దు.

బంగారుపాళెం_మిషన్:
మెలితిప్పే ఉంచా. 24 వోల్టుల వైరు మర్చిపోయా అన్నా, పొద్దున్నే తీసేస్తా.