జర్నైల్ సింగ్‌ను ఫైనల్లో కొట్టిన గోల్‌తోనే గుర్తుంచుకోవాలా?

కాజీపేట రైట్‌బ్యాక్:
1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచిన సెప్టెంబరు 4 వచ్చినప్పుడల్లా అందరూ ఒకే కథ చెప్పుకుంటారు. థాయిలాండ్‌తో ఆడుతూ తల పగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్ కుట్లతోనే మళ్లీ మైదానంలోకి దిగారు, కోచ్ రహీం ఆయన్ని ముందు వరసలో గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు, దక్షిణ కొరియాపై ఫైనల్లో 20వ నిమిషంలో ఆయన గోల్ కొట్టారు. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే లాయల్‌పూర్ ప్రాంతంలో పుట్టి, విభజన తర్వాత ఇటు వచ్చి, కలకత్తాలో ముందు రాజస్థాన్ క్లబ్‌కూ ఆ తర్వాత ఏళ్ల తరబడి మోహన్ బగాన్‌కూ స్టాపర్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్‌గా ఆడిన మనిషి జీవితమంతా ఆ రెండు మ్యాచ్‌ల్లోకి కుదించుకుపోయింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించి, హంగరీ చేతిలో 1-2 తేడాతో మాత్రమే ఓడిన జట్టులో ఆయన డిఫెండర్. 1966లో ఆసియా ఆల్‌స్టార్ జట్టుకు నాయకుడయ్యారంటే అది వెనక నిలబడి సంపాదించుకున్న పేరు. ఒక డిఫెండర్ తన స్థానం వదిలి వెళ్లిన రోజునే అతని గొప్పతనంగా చెప్పుకోవడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

సికింద్రాబాద్ పాతవాసి:
మీ ప్రశ్న అర్థమైంది కానీ అది చరిత్రను పక్కదారి పట్టిస్తుందని నా భయం. ఆ ఆసియా క్రీడల్లో మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుపట్టడంతో జకార్తా ప్రేక్షకులంతా మనపై కోపంగా ఉన్నారు. అలాంటి చోట, గాయపడిన స్టాపర్‌ను పక్కన కూర్చోబెట్టకుండా, వెనక నిలబెట్టి ప్రమాదంలో పడేయకుండా, ముందుకు పంపి సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ రాబట్టిన నిర్ణయం ఒక హైదరాబాదీ కోచ్‌ది. ఆ మరుసటి ఏడాది జూన్‌లోనే ఆయన కేన్సర్‌తో కన్నుమూశారు. 1951లో ఢిల్లీలో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో మళ్లీ స్వర్ణం, అన్నీ ఆయన శిక్షణలో వచ్చినవే. ఆ గోల్‌ను తగ్గించి మాట్లాడితే రహీం గారి తెలివిని తగ్గించినట్టే అవుతుంది.

మైదానం గట్టు:
ఒక చిన్న సవరణ. జర్నైల్ శాశ్వతంగా ఫార్వర్డ్ కాలేదు. 1964 ఆసియా కప్‌లో మనం రెండో స్థానంలో నిలిచినప్పుడు ఆయన మళ్లీ డిఫెన్స్‌లోనే ఉన్నారు. 1965 నుంచి 1967 వరకు దేశానికి కెప్టెన్‌గా ఉన్నప్పుడూ అంతే.

కాజీపేట రైట్‌బ్యాక్:
నేను చెబుతున్నదీ అదే. పాతవాసి గారూ, రహీం గారి పేరు నేను ఎక్కడా తగ్గించలేదు. నేను జర్నైల్ గురించి రాస్తే మీరు రహీం గురించి జవాబిచ్చారు. అర్జున పురస్కారాల క్రమం చూడండి. ఫుట్‌బాల్‌లో 1961లో పి.కె. బెనర్జీ, 1962లో మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, 1963లో చునీ గోస్వామి. ముగ్గురూ ఫార్వర్డ్‌లే. 1964లో జర్నైల్ వంతు వచ్చింది. ఫైనల్లో గోల్ కొట్టిన తర్వాతే ఒక డిఫెండర్ ప్రభుత్వం కంటికి ఆనాడని దీన్నిబట్టి తెలియడం లేదా?

కోల్‌కతా ఉద్యోగి:
ఆ వాదన నిలవదు. 1965లో అదే పురస్కారం అరుణ్ ఘోష్‌కు వచ్చింది, ఆయన జకార్తాలో గోల్ కొట్టలేదు. ఇంకా వెనక్కి వెళితే, 1962లోనే గోష్ఠ పాల్‌కు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన మోహన్ బగాన్‌కు బ్యాక్‌గా ఆడినవాడు, చైనా గోడ అని పేరు తెచ్చుకున్నవాడు. ఆయన విగ్రహం ఈడెన్ గార్డెన్స్ దగ్గర ఉంది, నేను రోజూ ఆ దారినే వెళ్తాను. మరో డిఫెండర్ శైలేన్ మన్నాకు 1971లో పద్మశ్రీ వచ్చింది. డిఫెండర్లను ఎవరూ పట్టించుకోరన్నది ఇక్కడివాళ్ల విషయంలో నిజం కాదు.

సికింద్రాబాద్ పాతవాసి:
చాలా మంచి సమాచారం. అసలు కుట్ల సంగతి ఎవరూ ఆలోచించడం లేదు. స్టాపర్ పని ఏమిటి? అవతలి గోల్‌కీపర్ బలంగా తన్నిన బంతి గాలిలో వచ్చి పడుతుంటే, పక్కనే ఎగురుతున్న ఫార్వర్డ్‌తో తల తలా తగిలే అవకాశం ఉన్నా వెనక్కి తగ్గకుండా ఎదురువెళ్లి కొట్టాలి. కార్నర్ వచ్చిన ప్రతిసారీ ఆ గుంపులో నిలబడాలి. తలకు కుట్లు పడ్డవాడిని అక్కడ ఉంచితే రెండో దెబ్బ తగలడానికి ఎంతసేపు పడుతుంది? కాబట్టి ఆయన్ని ముందుకు పంపడం ఆయన్ని కాపాడటం కూడా. డిఫెండర్‌ను అవమానించిన నిర్ణయంగా దాన్ని చూడటం నాకు బాధ కలిగించింది.

కాజీపేట రైట్‌బ్యాక్:
అవమానం అన్న మాట నేను వాడలేదు. ఇక కుట్ల సంగతి. సెంటర్ ఫార్వర్డ్ కూడా తలతో ఆడతాడు. అవతలి స్టాపర్ అతనికీ అంతే బలంగా తగులుతాడు. కనుక తలను కాపాడటానికే ముందుకు పంపారన్నది మీ ఊహ. మీకు నచ్చిన ఊహ.

మైదానం గట్టు:
ఫార్వర్డ్ అయితే ఎప్పుడు ఎగరాలో తనే ఎంచుకోవచ్చు. స్టాపర్‌కు ఆ వీలు లేదు. ఆ తేడా ఉంది.

సికింద్రాబాద్ పాతవాసి:
ధన్యవాదాలు. నేను చెప్పాలనుకున్నది ఆ ఒక్క వాక్యంలో ఉంది.

కాజీపేట రైట్‌బ్యాక్:
సరే, తల సంగతి అక్కడ ఉంచండి. ఫైనల్‌నే తీసుకుందాం. 17వ నిమిషంలో బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. కొరియా గోల్ 85వ నిమిషంలో వచ్చింది. ఆ మధ్య ఉన్న 65 నిమిషాలు ఎవరివి? మొదటి మ్యాచ్‌లో మనపై రెండు గోల్స్ వేసిన జట్టును, స్టేడియం మొత్తం వాళ్ల పక్షాన అరుస్తుండగా, గంటకు పైగా గోల్ కొట్టకుండా ఆపిన చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్, ఫ్రాంకోల పేర్లు ఈ వేదికలో ఎంతమంది తడుముకోకుండా చెప్పగలరు? జర్నైల్ వదిలి వెళ్లిన ఖాళీని పూడ్చినవాళ్లు వాళ్లు. జర్నైల్ అసలు వృత్తి ఏమిటో తెలియాలంటే ఆ రోజు ఆయన పనిని వాళ్లు ఎలా చేశారో చూడాలి.

ఇది నాకు ఎందుకు ఇంత ముఖ్యమో కూడా చెబుతాను. నేను జూనియర్ స్థాయిలో ఫుల్‌బ్యాక్‌గా, అంటే వెనక ఒక పక్కను కాచే డిఫెండర్‌గా ఆడాను. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీల్లో నా వైపు వచ్చిన వింగర్ ఒక్క క్రాస్ కూడా సరిగా వేయలేకపోయాడు. ఎంపిక చేసినవారి చేతిలోని కాగితంలో గోల్స్‌కు ఒక గడి, గోల్ అందించిన పాస్‌లకు ఒక గడి ఉన్నాయి, నేను ఆపినవాటికి గడి లేదు. మధ్యాహ్నం నన్ను ముందుకు వెళ్లి ఆడమన్నారు. అలవాటు లేని చోట ఆడలేకపోయాను, ఇంటికి పంపేశారు. అప్పుడు మా కోచ్ నాకు చెప్పిన మాట, జర్నైల్ అంతటివాడే ముందుకు వెళ్లి గోల్ కొట్టాడు, నీకేమైంది అని.

బెజవాడ అభిమాని:
ఇన్నేళ్లకు అసలు విషయం బయటికి వచ్చింది.

సికింద్రాబాద్ పాతవాసి:
మీకు జరిగింది అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. అయితే మీ ఎంపికలో జరిగిన తప్పుకు 1962 ఫైనల్‌ను తప్పుపడుతున్నారు. మీ కోచ్ ఆ ఉదాహరణను తప్పుగా వాడితే ఆ దోషం రహీం గారిది ఎలా అవుతుంది? 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేసిన మనిషి పేరు నేటి పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు వినబడేది ఏడాదికి ఒక్క రోజు. ఆ రోజున కూడా మీరు వచ్చి, ఆయన గొప్ప నిర్ణయం ఒక డిఫెండర్ చరిత్రను చెరిపేసిందని రాస్తే, నా వంటివాడు ఊరుకోలేడు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు మిగిలింది ఆ జ్ఞాపకం ఒక్కటే.

కాజీపేట రైట్‌బ్యాక్:
హైదరాబాద్ జ్ఞాపకం గురించి మీరే ఎత్తారు కనుక సూటిగా అడుగుతాను. మీరు ఇంత గర్వంగా చెప్పిన ఆ పోలీసు జట్టులోనే అజీజుద్దీన్ అనే బ్యాక్ ఉన్నారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కూ వెళ్లారు. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టడం అందరికీ తెలుసు, ఆ ఒలింపిక్స్‌లో వెనక ఆడిన మన ఊరివాడి పేరు ఎవరికి తెలుసు? ఈ చర్చలో మీరు ఇన్ని పంక్తులు రాశారు, ఆయన పేరు మీ చేతికి ఒక్కసారీ రాలేదు. కలకత్తావాళ్లు తమ డిఫెండర్‌కు విగ్రహం పెట్టుకున్నారు, మనం మన డిఫెండర్‌ను మన గొప్పల్లో కూడా కలుపుకోలేదు. నా కోపం రహీం గారి మీద కాదు, ఆయన పేరు చెప్పి గోల్స్ మాత్రమే లెక్కపెట్టే మనందరి మీద.

కోల్‌కతా ఉద్యోగి:
పాతవాసి గారి వయసును కాస్త దృష్టిలో పెట్టుకుని మాట్లాడండి.

కాజీపేట రైట్‌బ్యాక్:
గౌరవం తప్పి ఒక్క మాట కూడా అనలేదు. అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి.

యూనివర్సిటీ స్టాపర్:
నేను అమ్మాయిల జట్టులో స్టాపర్‌గా ఆడుతున్నాను. అంతకుముందు ఫార్వర్డ్‌ని. అంటే జర్నైల్ వెళ్లిన దారికి ఎదురు దారిలో వచ్చాను, కనుక రెండు వైపులా కొంత తెలుసు. మీరిద్దరూ గోల్ గురించీ కుట్ల గురించీ మాట్లాడుతున్నారు కానీ స్టాపర్ ఏం చేస్తుందో ఎవరూ చెప్పడం లేదు. బంతి మా వింగ్ వైపు ఉన్నప్పుడు నేను బంతిని చూడను, ముందు నా వెనక ఉన్న ఫార్వర్డ్ ఎక్కడుందో భుజం మీదుగా చూసుకుంటాను. పాస్ ఇవ్వబోయే అమ్మాయి తల ఎత్తిందంటే మా డిఫెండర్ల లైన్ అంతటినీ ఒక అడుగు ముందుకు రమ్మని కేక వేస్తాను. ఆ అడుగు సరిగా పడితే వాళ్ల ఫార్వర్డ్ మా వెనక చిక్కుకుని ఆఫ్‌సైడ్ అవుతుంది, లేదా పాస్ ఇచ్చే ఆలోచనే మానుకుంటారు. చూసేవాళ్లకు అక్కడ ఏమీ జరగలేదు. మంచి మ్యాచ్ ఆడానంటే నేను కింద పడి టాకిల్ చేసే అవసరం చాలా తక్కువసార్లు వచ్చిందని అర్థం.

నన్ను ఫార్వర్డ్ నుంచి వెనక్కి మార్చేటప్పుడు మా కోచ్ మేడమ్ కూర్చోబెట్టి కారణం చెప్పారు, నీకు ఇష్టమేనా అని అడిగారు. ముందు ఏడ్చాను, తర్వాత ఒప్పుకున్నాను. ఇప్పుడు మళ్లీ ముందుకు వెళ్లమంటే వెళ్లను. కాజీపేట అన్నగారి బాధ స్థానం మార్చడం గురించి కాదేమో అనిపిస్తోంది. అడగకుండా మార్చడం గురించి అనిపిస్తోంది.

సికింద్రాబాద్ పాతవాసి:
అమ్మా, నువ్వు బాగా రాశావు. దీనికి నేను జవాబు చెప్పాలి. మా నాన్నగారు తాను ఉద్యోగం చేసే శాఖ జట్టులో ఆడేవారు. మొదట్లో ఎడమ వింగ్. ఒక సీజన్ మధ్యలో వెనక ఎవరో గాయపడితే ఆయన్ని బ్యాక్‌గా దించారు, ఆయన ఆట మానేసేదాకా అక్కడే ఉంచేశారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన జీవితమంతా ఆ సంగతి గర్వంగా చెప్పుకున్నారు. జట్టుకు ఎక్కడ అవసరమైతే అక్కడ నిలబడ్డాను అనేవారు. ఆ కాలంలో ఉద్యోగం, ఆట రెండూ ఒకే చేతి కింద ఉండేవి, ఆ క్రమశిక్షణే వాళ్లను అంత ఎత్తుకు తీసుకెళ్లింది. మీరు దాన్ని అన్యాయం అంటుంటే, మా నాన్న తనకు జరిగిన అన్యాయాన్ని తెలియక గర్వంగా చెప్పుకున్నారన్నట్టు వినబడుతోంది. నాకు ఇంత కోపం వచ్చింది అందుకే. అజీజుద్దీన్ గారి విషయంలో మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కానీ మా నాన్న విషయంలో మీ మాటను నేను ఒప్పుకోను.

కాజీపేట రైట్‌బ్యాక్:
మీ నాన్నగారి గర్వం ఆయనది, దాన్ని నేను ముట్టుకోను. జట్టు కోసం స్థానం మారడం తప్పని కూడా నేను అనడం లేదు. జర్నైల్‌ను ఎవరైనా అడిగినా ఆయన వెళ్లి ఉండేవారేమో. నేను అంటున్నది ఇంతే: మీ నాన్నగారు బ్యాక్‌గా ఎలా ఆడారో, ఎవరిని ఆపారో మీరు ఒక్క వాక్యం కూడా రాయలేదు, మాట విని వెళ్లారన్నదే రాశారు. ఆయన విధేయత మీకు గుర్తుంది, ఆయన ఆట మీకు చేరలేదు. డిఫెండర్ల విషయంలో జరిగేది ఇదే.

సికింద్రాబాద్ పాతవాసి:
ఆయన ఆడిన చాలా ఆటల నాటికి నేను పుట్టలేదు. ఆ రోజుల్లో రాసిపెట్టినవారూ లేరు.

మైదానం గట్టు:
పత్రికల్లో కూడా గోల్ కొట్టినవారి పేర్లే ఉండేవి. పాత స్కోరు పట్టికల్లో వెనకవాళ్ల పేర్లు జట్టు జాబితాలో తప్ప మరెక్కడా కనిపించవు.

కాజీపేట రైట్‌బ్యాక్:
రాయనివారిని ఇప్పుడు నిందించి లాభం లేదు. వచ్చే నెల మా జిల్లా జూనియర్ల ఎంపికలు ఉన్నాయి. ఈసారి నేను వెళ్లి కూర్చుంటాను. ఒక్కో స్టాపర్ ఎన్నిసార్లు లైన్‌ను కదిలించాడో, బంతిని గాలిలో ఎన్నిసార్లు గెలిచాడో, ఏ ఫార్వర్డ్‌ను గోల్ వైపు తిరగనివ్వలేదో రాసుకుని ఎంపిక చేసేవారికి ఇస్తాను. వాళ్లు చదువుతారో లేదో ఇక్కడే చెబుతాను. యూనివర్సిటీ స్టాపర్ గారూ, ఆ కాగితంలో ఇంకేమేం గడులు ఉండాలో మీరు చెప్పండి.

యూనివర్సిటీ స్టాపర్:
కేక ఎవరు వేశారో తప్పకుండా రాయండి. నలుగురు ఒకేసారి ముందుకు కదిలితే వెనక ఒకరి గొంతు ఉంటుంది. మిగతావి రేపు ప్రాక్టీసు అయ్యాక పంపుతాను.

సికింద్రాబాద్ పాతవాసి:
పంపండి, నేనూ చూస్తాను. అయితే జకార్తా నిర్ణయం గురించి నా అభిప్రాయం మారలేదని నమోదు చేసుకోండి.